రోగి మాట – మన బాధ్యత

వార్షిక సంచికకు వ్యాసం ఇవ్వవలసిందని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, ప్రబంధ కవుల వర్ణనలను గురించో, దక్కనీ ఉర్దూకు తెలుగుకు నడుమ జరిగిన ఇచ్చిపుచ్చుకోళ్లను గురించో మేము రాస్తామని వారు అనుకొని ఉంటారు. ఏటేటా మేము రాస్తున్నవి అవే. ఈసారి వేరొక విషయాన్ని ఎన్నుకున్నాము. గుండెజబ్బు లక్షణాలతో వచ్చిన రోగి నుండి వ్యాధి వృత్తాంతాన్ని రాబట్టడం ఎట్లా అన్నది ఆ విషయం. తెలుగు పాఠాలు చెప్పుకునే వానికి వైద్యంతో పనేమిటని విద్యార్థులు నవ్వవచ్చు, కమిటీ పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చు. ఆ సందేహానికి సమాధానం చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వైద్యుడు రోగి నాడి పట్టుకోక ముందే, రొమ్ముపై యంత్రం ఆనించక ముందే, ఒక సంభాషణ జరుగుతుంది. "ఏమమ్మా, ఏమిటి బాధ?" అని ఆయన అడుగుతాడు. రోగి తనకు వచ్చిన మాటలలో చెబుతుంది. ఆ మాటలను బట్టి ఆమెను ఏ గదికి పంపాలో, ఏ పరీక్ష చేయించాలో, ఎంత తొందరపడాలో వైద్యుడు నిర్ణయించుకుంటాడు. అంటే వైద్యంలో మొదటి మెట్టు భాష. ఆ మెట్టు మీద కాలు జారితే తరువాతి మెట్లు ఎంత గట్టివైనా ప్రయోజనం తక్కువ. రెండు భాషలు మాట్లాడుకునే ఊరిలో, రెండు భాషలు నేర్పుతున్న కళాశాలకు ఈ విషయంలో ఒక కర్తవ్యం ఉన్నదని మా అభిప్రాయం. ఈ అభిప్రాయం పుస్తకాలు చదివి ఏర్పరచుకున్నది కాదు. అనుభవం మీద, అదియును మా స్వంత తప్పిదం మీద, ఏర్పడినది.

కొన్నేండ్ల క్రిందటి మాట. మా మేనత్తగారిని ఇంట్లో అందరమూ ఫుప్పు అని పిలిచేవాళ్లం. అరవై దాటిన మనిషి. చక్కెర వ్యాధి ఉన్నది. పుట్టింటిలోను, మెట్టినింటిలోను ఉర్దూయే వాడుకలో ఉండడం వలన ఆమెకు కూరగాయల బేరానికి సరిపోయే తెలుగు మాత్రమే వచ్చు. ఒకనాడు ఉదయం ఆమెకు నలతగా ఉన్నదని ఒక ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. అక్కడి వైద్యుడు యువకుడు, మర్యాదస్తుడు. ఆయనకు ఉర్దూ రాదు. మధ్యన దుబాసి మేము.

ఫుప్పు నెమ్మదిగా చెప్పసాగారు. నాలుగైదు రోజులుగా "జీ ఘబ్రా రహా" అన్నారు. "కలేజే పో కుచ్ రఖే సరీకా" అన్నారు. అలా అంటూ పొట్ట పైభాగం నుండి గొంతు దాకా చేతిని కదిపి చూపారు. పిడికిలి బిగించి రొమ్ము నడుమ ఆనించారు. వజూ చేసుకొని నిలబడినంత సేపు బాగానే ఉంటుందని, సజ్దా నుండి లేచే సరికి దమ్ము చాలదని, గోడకు ఆనుకొని కొంతసేపు కూర్చుంటే సర్దుకుంటుందని చెప్పారు. నడుమ నడుమ కోడలి సంగతి, రాత్రి తిన్న శనగపప్పు సంగతి కూడా వచ్చినవి. బయట బెంచీల మీద ఇంకా నలభై మంది కూర్చొని ఉన్నారు. మాకు కళాశాలకు వేళ అవుతున్నది. అంతా విని మేము వైద్యునికి చెప్పినది ఒకే ఒక వాక్యం: "భయంగా ఉన్నదటండీ, కడుపులో గ్యాసు పైకి తన్నుతున్నదట."

"ఛాతీలో నొప్పి ఉన్నదా?" అని ఆయన అడిగాడు. "దర్ద్ హై క్యా ఫుప్పు?" అని మేము అడిగాము. "దర్ద్ నై బేటా" అన్నారు ఆమె. నొప్పి లేదని చెప్పాము. గ్యాసుకు మాత్రలు, నిద్రకు ఒక మాత్ర రాసి ఇచ్చారు. ఇంటికి వచ్చాము.

ఐదవ నాటి తెల్లవారుజామున ఫుప్పు చీర చెమటతో తడిసి ముద్దయినది. వేరొక ఆసుపత్రికి తీసుకొని పోయాము. గుండెపోటు అన్నారు. అక్కడ ఉర్దూ వచ్చిన ఒక పెద్ద నర్సు ఆమె మంచం ప్రక్కన నిలబడి, "క్యా కామ్ కరే తో హోతా థా అమ్మా? బైఠే తో కమ్ హోతా థా క్యా?" అని రెండు ప్రశ్నలు వేసింది. మేము పది నిమిషాలు విని పారవేసినదంతా ఆమె అర నిమిషంలో రాబట్టి కాగితం మీద పెట్టింది. ఫుప్పు బ్రతికారు. కాని గుండె కండరం కొంత చచ్చుబడినది. ఆ తరువాత రెండేండ్లు మూడు దిండ్ల మీద ఆనుకొని నిద్రించి, వెళ్లిపోయారు.

మొదటినాడే సరిగా చెప్పి ఉంటే ఆమె నేటికీ ఉండేవారని మేము అనలేము. అట్లా అనడానికి మేము వైద్యులము కాము. కాని ఐదు రోజుల వ్యవధి పోయినది, అది మా నోటి వలన పోయినది. ఆ యువ వైద్యుని మేము తప్పు పట్టము. ఆయన చేతికి మేము అందించినది భయం, గ్యాసు అనే రెండు ముక్కలే. ఆ రెండింటికీ ఆయన మందు రాశాడు. విశ్వవిద్యాలయం నుండి భాషలో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, తరగతిలో అనువాద పద్ధతులు బోధిస్తున్న మేము, స్వంత మేనత్త మాటను ఒక బల్లకు ఈవల నుండి ఆవలకు చేర్చలేకపోయాము.

తరువాత చాలా కాలం ఆ ఒక్క వాక్యాన్ని గురించి ఆలోచించాము. అలంకారశాస్త్రంలో శబ్దానికి వాచ్యార్థం, లక్ష్యార్థం, వ్యంగ్యార్థం అని మూడు అర్థాలు చెబుతారు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు మన విద్యార్థులు దీనిని చక్కగా రాస్తారు. ఘబ్రాహట్ అనే మాటకు నిఘంటువులో కలవరం, భయం అనే అర్థాలు ఉన్న మాట నిజమే. కాని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ మాటను గుండె దడకు, ఊపిరి చాలకపోవడానికి, కడుపులో త్రిప్పడానికి, రొమ్ములో తెలియని బరువుకు కూడా వాడుతారు. కలేజా అంటే నిఘంటువులో కాలేయం. వాడుకలో రొమ్ము, గుండె, ధైర్యం కూడా కలేజాయే. దమ్ అంటే ఊపిరి. అదే మాట తెలంగాణ తెలుగులోనికి వచ్చి దమ్ము అయినది. "దమ్ము వస్తున్నది సార్" అని రోగి అంటే ఉబ్బసం అని వినేవారు ఉన్నారు, గుండె నీరసించి ఊపిరితిత్తులలో నీరు చేరడం వలన వచ్చే ఆయాసమని వినేవారు ఉన్నారు. ఏది నిజమో మరి రెండు ప్రశ్నలు వేస్తే గాని తేలదు.

తెలుగువారి మాటలు మాత్రం తక్కువ తికమక పెడతాయా? గుండె అనే మాట మనకు రొమ్ముకూ చెల్లుతుంది, లోపలి అవయవానికీ చెల్లుతుంది. "గుండెలో మంట" అన్నవానికి పుల్లని త్రేన్పులు ఉండవచ్చు, రక్తనాళం మూసుకొనిపోతూ ఉండవచ్చు. "గుండె పట్టేసింది", "గుండె జారినట్టయింది", "ఎగరొప్పు", "కళ్లు బైర్లు కమ్మినవి" అనే ప్రతి మాట వెనుక ఒక ప్రత్యేకమైన బాధ ఉన్నది. అన్నిటికంటె ముఖ్యమైనది నొప్పి అనే మాట. గుండెకు రక్తం చాలనప్పుడు కలిగే బాధను చాలామంది నొప్పి అని చెప్పరు. బరువు అంటారు, బిగువు అంటారు, ఎవరో కూర్చున్నట్టున్నదంటారు. నొప్పి ఉన్నదా అని అడిగితే లేదంటారు, అది అబద్ధం కాదు. ఫుప్పు "దర్ద్ నై" అన్నది అందుకే. మేము అడిగిన ప్రశ్నకు ఆమె సరిగానే సమాధానం చెప్పారు. ప్రశ్నయే తప్పు.

ఆమె బిగించిన పిడికిలిని కూడా మేము అనువదించలేదు. రొమ్ము నడుమ పిడికిలి ఆనించి బాధను చూపడం హృద్రోగులలో కనిపించే సైగయని గమనించి చెప్పినవాడు సామ్యూల్ లెవీన్ అనే అమెరికా వైద్యుడు. ఆయన పేరుతోనే ఆ సైగను నేటికీ వైద్య విద్యార్థులకు చెబుతారు. ఆ సైగ చేసిన వారందరికీ గుండెజబ్బు ఉంటుందని కాదు. కాని దుబాసి అయినవాడు నోటి మాటతో పాటు చేతి మాటను కూడా అందించవలసి ఉంటుంది.

వృత్తాంతం అడగడం ఏదో పాతకాలపు మర్యాద అనుకోరాదు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో రోగిని తెలుసుకొనడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడు మార్గాలు చెప్పాడు. చూడడం, తాకడం వంటిదే అడగడం కూడా. పదవ శతాబ్ది తొలి పాదంలో మరణించిన హకీం అల్ రాజీ తన రోగుల సంగతులను రాసి పెట్టుకునేవాడు. ఆయన తరువాత సంకలనమైన కితాబ్ అల్ హావీలో అవి మనకు దక్కినవి. ఇంగ్లండులో విలియం హెబర్డెన్ 1768లో లండను వైద్యుల సంస్థ ముందు ఒక వ్యాసం చదివాడు. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనం చేసిన పిదప, రొమ్ములో వచ్చి, నిలబడగానే పోయే ఒక బాధను అందులో వర్ణించి దానికి యాంజైనా అని పేరు పెట్టాడు. అది 1772లో అచ్చయినది. అప్పటికి స్టెతస్కోపు లేదు. లెనెక్ దానిని 1816లో కనిపెట్టాడు. ఈ.సి.జి. అంతకంటె ఎంతో తరువాతిది. దానిని రూపొందించిన ఐంథోవెన్‌కు నోబెల్ బహుమానం వచ్చినది 1924లో. అంటే హెబర్డెన్ చేతిలో ఉన్న పరికరం ఒక్కటే, రోగి చెబుతున్నంత సేపు వినే చెవి. ఆయన రాసిన లక్షణాలను నేటి వైద్యులు కూడా మార్చవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు యంత్రాలు వచ్చినవి కదా, ఇంకా మాటలెందుకు అనేవారు ఉన్నారు. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వెలువడినది. ఆసుపత్రికి క్రొత్తగా వచ్చిన 80 మంది రోగులలో 66 మందికి, వృత్తాంతం విన్న మీదట వైద్యుడు అనుకున్న వ్యాధియే చివరకు నిర్ధారణ అయినది. అది యాభై ఏండ్ల నాటి మాట, పరీక్షలు ఎంతో పెరిగినవి, నిజమే. అయినా గుండెపోటు మొదలైన తొలి గంటలలో తీసిన ఈ.సి.జి. మామూలుగా కనిపించవచ్చునని, అందువలననే దానిని మళ్లీ మళ్లీ తీసి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష కూడా చేస్తారని వైద్యులే చెబుతున్నారు. మొదటి కాగితం మీద గీత తిన్నగా ఉన్నా ఈ రోగిని ఇంటికి పంపరాదని వైద్యునికి తోచేది దేని వలన? ఆ రోగి చెప్పిన కథ వలననే. అసలు ఏ యంత్రం ముందు కూర్చోబెట్టాలో చెప్పేది కూడా ఆ కథయే. ఫుప్పుకు ఆ ఉదయం ఈ.సి.జి. తీయలేదు. తీయవలసిన కారణం మేము చెప్పలేదు గనుక.

ఇక అడగవలసినవి ఏమిటో క్లుప్తంగా చూద్దాము. మొదట రోగిని స్వేచ్ఛగా చెప్పనీయాలి. "ఎడమ చేతికి ప్రాకుతున్నదా?" అని ఆరంభంలోనే అందిస్తే, పెద్దల మాట కాదనలేని మన జనం "అవునండీ" అంటారు. చెప్పడం ముగిసిన తరువాత ఒక్కొక్కటే అడగాలి. ఎక్కడ? వేలితో చూపుతున్నారా, అరచేతితో చూపుతున్నారా? ఎట్లా ఉంటుంది? ఎప్పుడు మొదలైనది, ఎంతసేపు ఉంటుంది? ఏ పని చేస్తే వస్తుంది, ఏమి చేస్తే పోతుంది? దవడకు, మెడకు, వీపుకు, చేతులకు ప్రాకుతుందా? తోడుగా చెమట, వాంతి, ఆయాసం ఉన్నవా? శ్రమతో వచ్చి, విశ్రమిస్తే కొద్ది నిమిషాలలో పోయే బరువు ఒక రకం. విశ్రాంతిగా ఉన్నప్పుడే వచ్చి, ఇరవై నిమిషాలైనా వదలనిది మరొక రకం, అది మిక్కిలి ప్రమాదకరం. స్త్రీలలో, వృద్ధులలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో రొమ్ము బాధ స్పష్టంగా లేక, ఆయాసం, నిస్త్రాణ, వికారం, పొట్ట పైభాగంలో బరువు మాత్రమే ఉండవచ్చు. ఫుప్పు ఈ మూడు తరగతులకూ చెందినవారు.

ఆయాసమని చెప్పినవారిని, వెల్లకిల పడుకుంటే ఎక్కువవుతున్నదా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు, నిద్రపట్టిన గంట రెండు గంటలకు ఊపిరాడక లేచి కిటికీ దగ్గరకు పోతున్నారా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నవా అని అడగాలి. దడ అన్నవారిని ఆ దడ ఎట్లా కొట్టుకుంటున్నదో బల్ల మీద వ్రేళ్లతో కొట్టి చూపమనాలి. ఆ తాళం క్రమంగా ఉన్నదా, గతి తప్పుతున్నదా అన్నది ఎంతో చెబుతుంది. స్పృహ తప్పి పడిపోయిన వారి విషయంలో, ప్రక్కన ఉండి చూసినవారిని అడగాలి. అన్నదమ్ములలో, తండ్రిలో 55 ఏండ్ల లోపు, తల్లిలో, అక్కచెల్లెండ్లలో 65 ఏండ్ల లోపు ఎవరికైనా గుండెజబ్బు వచ్చినదా అని అడగాలి. బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా వీటిని పేరుపేరునా అడగాలి. "పొగ తాగుతారా?" అంటే లేదనే మనిషి నోటిలో జర్దా ఉండవచ్చు. హకీంగారి మందులు, నాటుమందులు, ఇరుగుపొరుగువారు ఇచ్చిన మాత్రలు కూడా అడగాలి. చీటీ లేని మందు మందు కాదని మనవారి నమ్మకం, అడగనిదే చెప్పరు.

పడుచు తల్లులను గురించి ఒక మాట. గర్భం నిండుతున్న కొద్దీ కొంత ఆయాసం సహజమని పెద్దలు అంటారు. అయితే బాల్యంలో, ముఖ్యంగా ఐదు నుండి పదిహేను ఏండ్ల మధ్య, గొంతునొప్పి తరువాత కీళ్లు ఒకటి తరువాత ఒకటి వాచి జ్వరం వచ్చిన పిల్లలలో కొందరికి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఏండ్ల తరబడి బయటపడకుండా ఉన్న ఆ లోపం, గర్భవతి శరీరంలో రక్తపరిమాణం పెరిగినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ చిన్ననాటి కీళ్లవాపు సంగతి ఆ అమ్మాయికి గుర్తుండదు. ఆమె తల్లికి గుర్తుంటుంది. తల్లిని అడగడానికి తల్లి భాష కావాలి.

ప్రశ్నలు జీవితానికి తగినట్టుగా కూడా ఉండాలి. రెండంతస్తులు ఎక్కగలరా అని అడగడం వైద్యగ్రంథాలలోని ఆచారం. మన పేటలలో మేడలు ఎన్ని? రోజంతా చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడమనిషి మెట్లు ఎక్కి ఎన్నేండ్లయినదో. ఆమెను, "కుళాయి నుండి బిందె తెచ్చేటప్పుడు నడుమ ఎన్నిసార్లు దించుతున్నావమ్మా? పోయిన ఏడు ఎన్నిసార్లు దించేదానివి?" అని అడగాలి. నమాజీని రుకూలో, సజ్దాలో ఊపిరి సలుపుతున్నదా, ఎప్పటి నుండి కుర్చీ వేసుకొని చదువుతున్నారు అని అడగాలి. ముందుకు వంగిన అర నిమిషంలో ఆయాసం రావడం గుండె వైఫల్యంలో ఒక లక్షణమని 2014లో వైద్యులు గుర్తించి దానికి ప్రత్యేకంగా పేరు పెట్టారు. మన మసీదులలోని వృద్ధులు ఆ లక్షణాన్ని దినానికి ఐదుసార్లు పరీక్షించుకుంటూనే ఉన్నారు. అడిగేవారే లేరు. రంజాన్ నెలలో ఏ మాత్ర మానివేశారు, ఏది ఇఫ్తార్‌కు మార్చుకున్నారు అన్నది కూడా ఇట్టి ప్రశ్నయే.

మరొక ముఖ్య విషయం, ఎవరు చెబుతున్నారన్నది. మన ఆసుపత్రులలో భార్య బాధను భర్త, తల్లి బాధను కొడుకు, అత్త బాధను కోడలు చెప్పడం పరిపాటి. చెప్పేవాడు తనకు ముఖ్యమని తోచినది చెబుతాడు, సిగ్గుపడినది మానివేస్తాడు. పదేండ్ల పిల్లవానిని తల్లికి దుబాసిగా నిలబెట్టడం ఇద్దరికీ అన్యాయం. మగవారిలోనూ ఇతరుల ముందు చెప్పుకోలేని మందులు వాడేవారు ఉంటారు. అటువంటి వానికి గుండెనొప్పికని నాలుక కింద మాత్ర పెడితే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు. కనుక కొన్ని ప్రశ్నలు ఏకాంతంలో, ఆ రోగి భాష తెలిసిన, ఆ రోగికి బంధువు కాని మనిషి ద్వారా అడగవలసినవి.

వైద్యులకు సమయం ఎక్కడిదని ఒక ఆక్షేపణ ఉన్నది. అది న్యాయమైనదే. ఒక ఉదయంలో వంద మందిని చూడవలసిన వైద్యుని, తీరికగా వినడం లేదని నిందించడం సులభం, ఆయన కుర్చీలో కూర్చోవడం కష్టం. తీరిక గల దేశాలలో మాత్రం ఏమి జరుగుతున్నది? 1984లో అమెరికాలో 74 సంభాషణలను పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు, రోగి మాటకు వైద్యుడు సగటున 18 సెకండ్లలోనే అడ్డుపడుతున్నాడని ప్రకటించారు. మన దేశంలో 2019 నుండి అమలులోనికి వచ్చిన వైద్యవిద్యా ప్రణాళికలో రోగితో సంభాషించే నేర్పును పాఠంగా చేర్చారు. అది సంతోషించదగినది. అయితే వైద్యుడు ఎంత నేర్చినా ప్రతి రోగి భాషా నేర్వలేడు. వానికి సాయపడవలసినది సంఘం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష కావడానికి శాసనాలు జరిగినవి. శాసనం బోర్డు మీదికి వస్తుంది. ఓ.పి. గదిలోని బల్ల దగ్గరకు మనుషులే రావాలి.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. రొమ్ములో బరువు, చెమట, ఆయాసం ఒక్కసారిగా వచ్చి వదలకున్నప్పుడు ఇంట్లో కూర్చొని ప్రశ్నలు వేసుకోవడం నేరమవుతుంది. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. మాటలు దారిలో చెప్పుకోవచ్చు. మేము చెబుతున్న వృత్తాంతం వైద్యానికి తోడు, వైద్యానికి బదులు కాదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు మూడు. మొదటిది, మన ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి, ఊరిలోని వైద్యుల సహాయంతో, బాధలను చెప్పే మాటల చిన్న కోశం ఒకటి తయారు చేయాలి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాన్నే ఉర్దూలో బోధించిన చరిత్ర మనకు ఉన్నది. పండితుల పరిభాష అప్పుడు సమకూరినది. ఇప్పుడు కావలసినది ఫుప్పుల పరిభాష. ఘబ్రాహట్, కలేజా, దమ్ము, ఎగరొప్పు వంటి మాటలను ఇంటింటా అడిగి, ఏ బాధకు ఏ మాట వాడుతున్నారో రాసుకొని రావడం మన విద్యార్థులు చేయగలిగిన పని. రెండవది, రెండు భాషలూ బాగా వచ్చిన విద్యార్థినీ విద్యార్థులను ఎన్నుకొని, వైద్యుల చేత కొన్ని వారాలు శిక్షణ ఇప్పించి, పెద్ద ఆసుపత్రి వారి అనుమతితో ఓ.పి. రోజులలో దుబాసీలుగా పంపాలి. స్త్రీలకు స్త్రీలే ఉండాలి. వారికి మూడు నియమాలు చాలు: విన్నదంతా చెప్పాలి, తమ ఊహ చేర్చరాదు, గది దాటిన తరువాత ఎవరితోనూ అనరాదు. మూడవది, ఈ సేవను ఎన్.ఎస్.ఎస్. కార్యక్రమాలలో లెక్కించాలి. దీనికి భవనం అక్కరలేదు, చందాలు అక్కరలేదు. కావలసినది రెండు బెంచీలు, ఒక రిజిస్టరు, రెండు శాఖల మధ్య కొంత సఖ్యం.

విద్యార్థులకు మేము చెప్పేది ఇంకా చిన్నది. ఈ సెలవులలో మీ ఇంట్లోని పెద్దల దగ్గర కూర్చొని ఒక కాగితం రాయండి. ఏ జబ్బులు ఉన్నవి, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఏ మందు పడదు, ఇంట్లో ఎవరికి ఏ వయస్సులో గుండెజబ్బు వచ్చినది, నిరుడు చేయగలిగి ఈ ఏడు చేయలేకపోతున్న పని ఏది? ఈ చివరి ప్రశ్నను తప్పక అడగండి. వారు చెప్పే మాటను సంస్కరించకండి. వారు అన్నది అన్నట్టుగా, వారి భాషలో, వారి యాసలో రాసి, దాని క్రింద మీకు తెలిసిన అర్థం రాయండి. ఆ కాగితాన్ని ఓ.పి. చీటీలతో పాటు భద్రపరచండి.

మన సమాజంలో రోగిని చూడబోవడం, మిజాజ్ పుర్సీ చేయడం గొప్ప మర్యాదగా పాటిస్తున్నాము. పండ్లు పట్టుకొని పోతాము, మంచం ప్రక్కన కూర్చుంటాము, ఎట్లా ఉన్నదని అడుగుతాము. అడిగి, సమాధానం పూర్తిగా వినకముందే "అంతా బాగైపోతుంది" అని లేస్తాము. ఆనాడు మేము చేసినదీ అదే. ఫుప్పు తన చివరి రెండేండ్లలో ఆ ఉదయాన్ని గురించి ఒక్కసారి కూడా మమ్మల్ని అనలేదు. ఆమెకు తెలుగు రాదు గనుక మేము వైద్యునికి ఏమి చెప్పామో ఆమెకు తెలియదు. చెప్పుకోవలసినది మేమే గనుక, మన విద్యార్థుల ముందు, మన కమిటీ పెద్దల ముందు, ఈ సంచికలో చెప్పుకున్నాము.